గచ్చు కింద గింజలు

మా వీధి చివర కొత్త భవనం ఒకటి లేస్తున్నది. వారం రోజులుగా సెల్లారు తవ్వుతున్నారు. ఉదయపు నడకకు వెళ్ళినప్పుడు అక్కడ కాసేపు ఆగి చూడటం నాకు అలవాటయింది. పది అడుగులు దిగకముందే నీరు ఊరింది. ఇప్పుడు రెండు మోటార్లు పగలూ రాత్రీ తోడుతున్నాయి. నిన్న గుంత ఒడ్డున నాలాంటి పనిలేని పెద్దలు నలుగురైదుగురు చేరారు. "ఏమన్నా బయటపడిందా అబ్బయా?" అని ఒకాయన మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ నవ్వి, "నీళ్ళు బయటపడినాయి సార్" అన్నాడు.

నేల తవ్వితే ఏదో బయటపడాలని ఆశించడం మానవ స్వభావం కాబోలు. ఆ ప్రశ్న విన్నది మొదలు ఎప్పటిదో ఒక సంగతి నన్ను విడవకుండా ఉన్నది. అది గొప్ప సంగతి కాదు. చెప్పుకొంటే నా గౌరవం పెరిగేది అంతకంటే కాదు. అయినా ఇక్కడ వ్రాసి పెట్టదలచాను.

1988లో నేను అల్లూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిని. ఊరి పేరు చెప్పను. ఆనాటివారి పిల్లలూ మనుమలూ ఇప్పటికీ అక్కడ ఉన్నారు. పడమర వరిపొలాలు, తూర్పున బకింగ్‌హాం కాలువ, ఉప్పుమళ్ళు, ఇసుకతిన్నెలు, ఆపైన సముద్రం. అద్దెకు ఇచ్చే ఇల్లు ఊరు మొత్తానికి ఒక్కటే ఉండేది. అందులో మేమున్నాము.

మన తీరప్రాంతపు ఇండ్లకు కింద గది ఉండదు. గట్టినేలలున్న మెట్ట సీమల్లో ధాన్యం దాచడానికి పాతరలు తవ్వేవారు. సముద్రపు ఒడ్డున ఆ వీలు లేదు. ఇసుకలో కొన్ని అడుగులు తవ్వితే చాలు, నీరు. ఆ నీటినే నమ్ముకొని ఇక్కడి రైతులు దొరువులు తవ్వుకొని, కుండలతో ముంచి నారుమళ్ళకూ కూరపాదులకూ పోసుకొంటారు. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది. దొరువులో ఊరేది ఆ పై పొర. ఆశపడి లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. అందుచేత లోతుకు దిగడం కాక ఎత్తుకు లేవడమే ఇక్కడి గృహధర్మం. నడుమెత్తు పునాదిగోడ కట్టి, దాని కడుపు నిండా ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టి, పైన కడప బండలు పరచి, సందులను గుల్లసున్నంతో పూడుస్తారు. వరద వచ్చినా ఉప్పెన వచ్చినా ఆ ఎత్తే ఇంటిని కాపాడాలి. పైన నడిచేవారికి తాము ఇసుక మీద నడుస్తున్నామని గుర్తుండదు. ఆ ఇసుక తొలగిపోయిననాడే గుర్తుకు వస్తుంది.

మా ఇంట్లో ఆ ఇసుక తొలగిపోవడం మొదలయింది. మాది మూడు గదుల పెంకుటిల్లు. నడిమి గోడకు అవతల ఇంటి యజమాని వడ్ల కొట్టు. అందులో మొలగొలుకులు పోసి ఉండేవి. ఆ వేసవిలో గోడ వెలుపల తెల్లవారేసరికి ఇసుక కుప్పలు కనిపించసాగాయి. రాత్రిళ్ళు కింద ఏదో గీకిన చప్పుడు. రోకలి చేజారితే బండ డప్పులాగా మ్రోగింది. ఒకనాడు నా పుస్తకాల బీరువా కాలు ఒకటి రెండంగుళాలు దిగి, బీరువా గోడకు ఆనుకొని నిలిచింది.

పందికొక్కులని అందరికీ తెలుసు. ఈ జంతువును తలచుకొన్నప్పుడు తెలుగు పండితుడికి చిన్న గర్వం కలుగుతుంది. మన 'పందికొక్కు'ను తెల్లవారు 'బాండికూట్' చేసుకొన్నారు. ఆ మాట ఓడలెక్కి ఆస్ట్రేలియాకు వెళ్ళి, అక్కడి కడుపుసంచి గల వేరొక జంతువుకు పేరై స్థిరపడింది. తెలుగు నుంచి ప్రపంచానికి వెళ్ళిన కొద్ది మాటల్లో ఇదొకటి. నేను తరగతిలో ఈ ముచ్చట చెప్పి పిల్లలను నవ్విస్తున్న రోజుల్లోనే అది నా కాళ్ళ కింది నేలను తోడేస్తున్నది.

యజమానికి రెండుసార్లు చెప్పాను. "ఇల్లన్నాక పందికొక్కులుండవా అయ్యవారూ? ఉండేది మీరు గదా, మీరే చూపించుకోండి" అన్నాడు. మూడోసారి చెప్పడానికి మనసొప్పక ఊరుకొన్నాను. ఇంతలో మా ఆవిడ వంటింటి గడప దగ్గర అడుగు వేస్తే బండ ఒక కొస దిగి, రెండవ కొస లేచింది. ఆమెకు అప్పుడు ఏడవ నెల. పడబోయి తలుపు పట్టుకొన్నది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మరునాడు కాలువగట్టు మీద ఉండే యానాది దంపతులను పిలిపించాను. కలుగులు తవ్వడంలో వారిని మించినవారు ఆ చుట్టుపక్కల లేరు. కోతలయ్యాక పొలం గట్లలో ఎలుకలను పట్టేది వారే. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. సన్నని మనిషి. చేతిలో గునపం, భుజాన గోనెసంచి. ఆమె చేతిలో అడుగున చిన్న రంధ్రమున్న కుండ ఒకటి. ఆయన ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, మడమతో బండలను తట్టి చూసి, "లోపలంతా డొల్లగా ఉండాది అయ్యోరా. ఈ రెండు బండలూ లేపాల" అన్నాడు. ఇద్దరికీ కలిపి కూలి నలభై రూపాయలని మాట అయింది.

ముందు వెలుపలి కలుగులన్నీ మట్టితో మూసి ఒక్కటి మాత్రం విడిచారు. కుండలో గడ్డి కూరి నిప్పంటించి, కుండమూతిని కలుగు మూతికి బోర్లించి, అడుగు రంధ్రంలోనుంచి ఆమె ఊదింది. పొగ లోపలికి పోయింది. కాసేపటికి మా వంటింటి బండల సందుల్లో నుంచి సన్నగా లేచింది. మా పొయ్యి పక్కనే మరొక ఇల్లున్నట్టు అప్పుడు కంటికి కనబడింది. గోడవార మరో మూల నుంచి మూడు పందికొక్కులు బయటికి ఉరికాయి. ఆయన కర్ర తప్పిపోలేదు.

తరువాత బండలు లేపారు. కింద ఒకటిన్నర అడుగు ఎత్తున ఖాళీ. బోర్లా పడుకొని ప్రాకితే తప్ప మనిషి పట్టడు. ఆయన పాము భయమైనా లేకుండా లాంతరు ముందుకు తోసుకొంటూ దూరాడు. చేతులతో ఇసుకను వెనక్కి తోస్తే ఆమె తట్టతో ఎత్తిపోసింది. వదులైన ఇసుక తీసి, కలుగుల కొసలు దొరికేదాకా తవ్వి, గట్టినేల తగిలాక కొత్త ఇసుకతో పూడ్చాలని ఆయన ఆలోచన. అలా చేయకపోతే పైన ఎంత పోసినా కొన్నాళ్ళకు కుంగుతుందన్నాడు. గోడ కింద మాత్రం తవ్వలేదు. "గోడ కడుపులో చెయ్యి పెట్టగూడదు అయ్యోరా, మీద పడతది" అన్నాడు.

మధ్యాహ్నం ఆయన గంజి తాగుతున్నప్పుడు కుతూహలం కొద్దీ నేనూ దూరాను. ముక్కు పగిలే వాసన. వీపుకు బండ తగులుతున్నది. లాంతరు వెలుగులో నా ఇంటి అడుగుభాగం చూశాను. కొన్ని బండలు దేని మీదా ఆనకుండా, పక్క బండల ఒరిపిడితో మాత్రమే నిలిచి ఉన్నాయి. అంతలో పక్క గదిలో మా ఆవిడ నడక తలపైన వినిపించింది. ఆమె ఒక్కొక్క అడుగూ నా గుండె మీద పడింది. గబగబ వెనక్కి ప్రాకి బయటపడ్డాను.

సాయంకాలానికి గింజలు దొరికాయి. వడ్ల కొట్టు గోడ పక్కన, మూడు పొట్లాల వంటి అరల్లో, శుభ్రమైన వడ్లు. పొలాల్లో కన్నం వేసే చిన్నజాతి కొక్కులు ఇలా అరలు కట్టి దాస్తాయని తరువాత తెలిసింది. పైకి తీసి గోనె మీద పోస్తే రెండు కుంచాలకు తక్కువ లేవు. వాటితో పాటు ఒక సబ్బుముక్క, నాలుగు సుద్దముక్కలు, నా పుస్తకం అట్ట ఒకటి. ఆమె ముఖం వెలిగింది. మాట్లాడకుండా వడ్లలోని ఇసుకను చెరగడం మొదలుపెట్టింది.

ఈలోపల ఊళ్ళో వార్త పాకింది. అయ్యోరి ఇంట్లో బండలు లేపి తవ్వుతున్నారు, లంకెబిందెలు బయటపడ్డాయి అని. కొండను తవ్వి ఎలుకను పట్టడమని సామెత. ఇక్కడ ఎలుక కోసం తవ్వితే జనం కొండంత ఊహించారు. వాకిట్లో ముప్పై మంది చేరారు. రెండు నెలలుగా గడప తొక్కని యజమాని పరుగున వచ్చాడు. గుంతలోకి తొంగి చూశాడు. బిందెలు లేవని తేలాక ఆయన చూపు వడ్ల మీద పడింది.

"ఇవి నా కొట్టులోవి" అన్నాడు.

"కలుగులో గింజ తవ్వినోడిది సామీ. ఎప్పుడూ అంతే గదా" అన్నాడు యానాది.

"పొలంలో అయితే అట్ట. ఇది నా ఇల్లు."

అంతటితో ఆగలేదు. బిందె దొరికి ఎక్కడో దాచి ఉంటారని ఎవరో అన్నారు. గోనెసంచి దులపమన్నారు. దులిపాడు. మూడు పందికొక్కులు నేల మీద పడ్డాయి. ఎవరో నవ్వారు. ఆమెను కొంగు విప్పి చూపమన్నారు. ఆమె ఒక్క క్షణం నావైపు చూసింది. పనికి పిలిచినవాడిని నేను. పొద్దుటి నుంచి దగ్గరే ఉన్నాను. ఏమీ దొరకలేదని ఒక్క మాట చెబితే చాలు. తరగతిలో ధర్మం గురించి గంటలు గంటలు చెప్పగల నోరు అప్పుడు పెగలలేదు. ఊళ్ళో వేరే ఇల్లు లేదు, రెండు నెలల్లో పురుడు, యజమానితో తగవు ఎందుకు అన్న లెక్క లోపల జరుగుతున్నది. ఆమె కొంగు విప్పి దులిపింది. వక్కముక్క ఒకటి రాలింది. యజమాని మనిషి వచ్చి వడ్లు ఎత్తుకొని పోయాడు.

ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇక వారు రారనుకొన్నాను. తెల్లవారగానే వచ్చారు. దొరువు పక్క నుంచి ఇసుక మోసుకొచ్చి, రాళ్ళూ పగిలిన గాజుపెంకులూ గోడవార కలిపి, జానెడేసి మందాన పోస్తూ, ప్రతి పొరకూ నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టారు. తడి ఇసుక దిగినంతగా పొడి ఇసుక దిగదని ఆయన చెప్పాడు. బండలు పరిచి సున్నం పూసేసరికి పొద్దుగూకింది. కూలితో పాటు మా ఆవిడ బియ్యం తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆమె తీసుకొన్నది. తీసుకొంటూ, "ఇవి మీ బియ్యం తల్లా, మీరిచ్చినారు, తీసుకుంటుండా. ఆ వడ్లు మావి" అన్నది. కోపంగా అనలేదు. చిన్నపిల్లకు అచ్చూ హల్లూ వేరని చెప్పినట్టు చెప్పింది.

నేల కింద ఉన్నది ఎవరిది? ఆ ప్రశ్న వెంట నేను చాలా దూరం పోయాను. విజయనగర కాలపు దానశాసనాలు చదివినవారికి అష్టభోగాలు పరిచితమే: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఊరు దానం చేసినప్పుడు నేల లోపలి నిధి, నిక్షేపం, నీరు, రాయి అన్నీ పుచ్చుకొన్నవారివేనని శాసనం. తవ్వేవాడి పేరు అందులో రాదు. మా నెల్లూరు దగ్గరే 1786లో పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండలో రోమను బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టినా రాణివీ వాటిలో ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకొన్నాడు. చాలా వరకు కరిగిపోయాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఆ సంగతిని వ్రాయగా 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటంలో అచ్చయింది. చక్రవర్తుల పేర్లు నిలిచాయి, గవర్నరు పేరు నిలిచింది. తవ్వినవాడు 'ఒక రైతు'గా మిగిలిపోయాడు.

తవ్వినవాడికి వాటా ఇచ్చినది 1878 నాటి నిక్షేపాల చట్టం. పది రూపాయలకు మించిన విలువగలది నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. నూరేళ్ళ లోపల దాచినవారెవరైనా వచ్చి నిరూపించుకొంటే అది వారిది. అలా ఎవరూ లేకపోతే, ప్రభుత్వం తీసుకోకపోతే, దొరికినవాడికీ నేల యజమానికీ మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడు వంతులు, యజమానికి ఒక వంతు. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. మా సంగతిలో దాచినది పందికొక్కు. అది వచ్చి నిరూపించుకోలేదు. బంగారానికి చట్టమున్నది. వడ్లకు ఆచారం ఒక్కటే ఉన్నది. ఆచారం నిలవాలంటే సాక్షి కావాలి. ఆ సాక్షిని నేను.

సంచి దులపమనడానికి వెనుక మరొక చట్టమున్నదని ఇంకా తరువాత తెలిసింది. 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లో కొన్ని శాఖలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. మా జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఆ ముద్ర చెరపడానికీ, యానాదుల బాగు కోసమూ జీవితం ధారపోశారు. వారిపై ఆంగ్లంలో గ్రంథం వ్రాశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. చట్టం పోయిన ముప్పై ఆరేళ్ళకు, నేను నిలబడి ఉన్న వాకిట్లో, ఆ ముద్ర చెక్కుచెదరక ఉన్నది.

కథ అక్కడితో అయిపోలేదు. 1989 నవంబరు 8వ తేదీ రాత్రి పెద్ద తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. మా ఊరికి అది ఎంతో దూరం కాదు. పొద్దుగూకేసరికే గాలి హోరు మొదలయింది. కాలువగట్టు గుడిసెలు మొదటి గంటలోనే పోయాయి. ఎవరు ఎక్కడికి పరుగెత్తారో తెలియదు. మా తలుపు కొట్టినవారిలో ఆ దంపతులున్నారు. నడిరేయికి మా పెంకులు సగం ఎగిరిపోయాయి. వడ్ల కొట్టు కప్పు కూలి యజమాని కుటుంబం కూడా మా వైపే వచ్చింది. వాకిట్లో నీరు మెట్ల దాకా వచ్చి నిలిచింది. ఇరవై మందిమి ఏడాది నిండిన మా బిడ్డను మధ్యలో పెట్టుకొని వంటింట్లో తెల్లవారిందాకా కూర్చున్నాము. ఒక్క బండ కుంగలేదు.

రెండు రోజులకు ఎండ వచ్చింది. తడిసిన వడ్లను ఆరబోయడానికి యజమానికి మా గచ్చు తప్ప పొడి చోటు లేకపోయింది. వడ్లు తిరగబోయడానికి కూలికి వచ్చినది ఆమే. అక్కడే మొలకలు కనిపిస్తున్న ఆ వడ్ల పక్కన నిలబడి, ఏడాదికి పైగా ఆలస్యంగా నేను నోరు తెరిచాను. "ఆ రోజు మనం తీసుకొన్న రెండు కుంచాలు ఆమెకు రావాలి. అక్కడ వేరే ఏమీ దొరకలేదు. నేను పొద్దుటి నుంచి చూస్తూనే ఉన్నాను" అన్నాను. యజమాని కాసేపు నన్ను చూశాడు. అలసి ఉన్నాడు. "ఇంకా గుర్తుపెట్టుకొని ఉండారా అయ్యవారూ? కొలుచుకోమనండి" అన్నాడు.

ఆమె కుంచం చేతికి తీసుకోలేదు. నన్ను అడిగింది. "ఇది ఈ రోజు కూలా అయ్యోరా, అప్పటిదా?"

"అప్పటిది" అన్నాను.

"అయితే కూలి వేరేగా ఇయ్యమను సామీ" అన్నది.

యజమాని నవ్వాడు. ఇచ్చాడు కూడా. తడిసిన మొలకల వడ్లు ఆనాటి శుభ్రమైన వడ్లకు సాటి రావని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. కొంగు దులిపించిన దానికి కొలత లేదని ఇద్దరికీ తెలుసు. దాన్ని గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

ఈ ఉదయం మళ్ళీ సెల్లారు దగ్గర ఆగాను. గుంత అడుగున ఇద్దరు కూలీలు మోకాలిలోతు బురదలో నిలబడి తట్టలెత్తుతున్నారు. ఒడ్డున ఉన్న పెద్దమనిషి మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. మేస్త్రీ కూడా అదే జవాబు చెప్పాడు. నేను మాత్రం ఆ ఇద్దరి పేర్లూ ఊళ్ళూ అడిగి తెలుసుకొని ఇంటికి వచ్చాను.